పసుపు లెన్సు, నీలం పెళ్ళి

1993 జూన్‌లో నన్ను మద్రాసు వర్క్‌షాపు నుంచి విజయవాడ గవర్నర్‌పేటలోని కెమెరా సర్వీస్ సెంటర్‌కు సీనియర్ మెకానిక్‌గా బదిలీ చేశారు. సెంటర్ అంటే ఒక లాడ్జిని ఆనుకున్న మేడ మీద రెండు గదులు. మేనేజరు వారానికొకసారి వచ్చి సంతకాలు పెట్టి వెళ్ళేవాడు. నా కింద ఎవరూ లేరు. కెమెరా లోపల ఏముంటుందో ఆ చుట్టుపక్కల నాకు తప్ప ఎక్కువమందికి తెలియదు కాబట్టి నేను చెప్పిందే తీర్పు. ఆ హోదా నాకు బాగా నచ్చింది.

మా పనికి సీజను ఆషాఢం. పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఉయ్యూరు నుంచి కైకలూరు దాకా ఫోటోగ్రాఫర్లంతా కెమెరాలు సంచుల్లో వేసుకుని వచ్చేవారు. శ్రావణం మొదటి ముహూర్తానికల్లా అన్నీ తిరిగి వాళ్ళ చేతుల్లో పెట్టాలి.

అలా వచ్చేవారిలో కోటేశ్వరరావు గారొకరు. హనుమాన్ జంక్షన్‌లో స్టూడియో. ఆయన దగ్గర పాతకాలపు జపాన్ లెన్సు ఒకటుండేది. తక్కువ వెలుతురులోనూ చక్కగా పనిచేసేది గానీ, దాని గాజు డికాషన్ రంగుకు తిరిగింది. 1994లో దాన్ని నా దగ్గరికి తెచ్చాడు.

"పెళ్ళికూతుళ్ళందరికీ నలుగు పెట్టి తీసినట్టుగా వస్తన్నాయండీ ఫోటోలు. చూడండి కాస్త," అన్నాడు.

లెన్సు విప్పాను. ఒక్కొక్క గాజునూ స్పిరిట్‌తో తుడిచాను. పసుపు పోలేదు. ఎందుకు పోలేదో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

"గాజుకు వయసొచ్చిందండీ. ఇక పోదు. ల్యాబులో చెప్పి సరిచేయించుకోండి," అని తీర్పిచ్చాను.

ఆయన ఫోటోలు వేసే కలర్ ల్యాబు మాకు రెండు వీధుల అవతల ఉండేది. అక్కడ ప్రింటర్ మీద పనిచేసే అమ్మాయి పేరు నాగమణి. పెడనలో మగ్గాల ఇంట్లో పుట్టింది. వాళ్ళ నాన్న నూలుకు రంగులు అద్దేవాడట. రెండు తెలుపులు పక్కపక్కన పెడితే ఏది ఏ మాత్రం తేడాగా ఉందో చెప్పగలిగేది. ఆమె ఒక పూటంతా కూర్చుని, టెస్టు ప్రింట్లు వేసి వేసి, ఆ లెన్సు పసుపును ఎంత నీలంతో కొట్టేయాలో తేల్చింది. ఆ అంకెలు మెషీన్‌లో ఒక ఛానెల్‌గా భద్రం చేసింది. ఆయన రీళ్ళు రాగానే ఆ ఛానెల్ నొక్కితే చాలు, మధుపర్కాలు తెల్లగా వచ్చేవి. రెండేళ్ళు హాయిగా గడిచింది.

1996 ఆషాఢంలో ఆయన అదే లెన్సు మళ్ళీ తెచ్చాడు. ఈసారి అపర్చర్ బ్లేడ్లకు, అంటే వెలుతురును హెచ్చుతగ్గులు చేసే సన్నని రేకులకు, నూనె పట్టింది. ఆ వారంలోనే నేను షోకేసు దుమ్ము దులుపుతుంటే అందులో అలంకారానికి పెట్టిన పాడైన లెన్సు కంటపడింది. అదే మోడల్. ఏళ్ళ తరబడి పడమటి ఎండలో ఉంది. గాజు మాత్రం మంచినీళ్ళలా ఉంది. విడిభాగాల కోసం సొరుగులో దాచుకున్న అలాంటిదే మరొకటి తీసి చూశాను. డికాషన్.

ఆ రకం గాజులో థోరియం అనే పదార్థం కలుపుతారనీ, దాని రేడియేషన్ వల్ల గాజు ఏళ్ళ మీద పసుపెక్కుతుందనీ, ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ పసుపును విరిచేస్తాయనీ తర్వాత తెలుసుకున్నాను. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, ఎండ పనిచేస్తోందని.

కోటేశ్వరరావు గారి లెన్సు వెనక భాగపు గాజులను మాత్రం ఊడదీశాను. మొత్తం లెన్సును ఎండలో పెడితే లోపలి గ్రీజు కరిగి బ్లేడ్ల మీదికి పాకుతుంది. అల్యూమినియం రేకు పరిచిన పళ్ళెంలో ఆ గాజులు పెట్టి, కిరణాలు ఒకచోట కూడి దేన్నీ అంటించకుండా వాలుగా సర్ది, రోజూ లాడ్జి డాబా మీద ఉంచేవాణ్ణి. అక్కడ దుప్పట్లు ఆరేసే ఆవిడ రోజూ చూసి నవ్వేది.

"ఏంటి సారూ, గాజుతో వడియాలా? తిరగెయ్యనా?"

మబ్బు పట్టిన రోజులు పోను మూడు వారాలకు గాజు తేటబడింది. ఆ సాయంత్రం నా సంతోషం ఇంతా అంతా కాదు. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెబితే రెండేళ్ళ క్రితం 'ఇక పోదు' అన్న నా తీర్పు తప్పని ఒప్పుకోవాలి. జాబ్ కార్డు మీద 'బ్లేడ్లు శుభ్రం చేయబడినవి' అని మాత్రం రాసి, లెన్సు బిగించి ఇచ్చేశాను. మంచే చేశాను కదా, నష్టమేముంది అనుకున్నాను.

శ్రావణం మొదటి ముహూర్తంలో కోటేశ్వరరావు గారు ఒక పెద్ద పెళ్ళి తీశాడు. మర్నాడు రీళ్ళు ల్యాబులో ఇచ్చి అర్జెంటన్నాడు. నాగమణి ఎప్పటిలాగే ఆయన ఛానెల్ నొక్కి రీళ్ళన్నీ వేసింది. తొందరలో ఎవరూ చూడకుండానే ప్రింట్లు కవర్లలోకి వెళ్ళాయి. కవర్లు విప్పకుండానే ఆయన వాటిని పెళ్ళివారింటికి పట్టుకుపోయాడు. లేని పసుపుకు నీలం కలిసింది. పురోహితుడి పంచె నీలిమందులో ముంచి తీసినట్టుంది. పెళ్ళికూతురు చలికి వణుకుతున్నట్టుంది. పెళ్ళికొడుకు మేనమామ, "ఏమయ్యా, పెళ్ళి పందిట్లో తీశావా, ఐసు ఫ్యాక్టరీలో తీశావా?" అన్నాడట.

ఆ మధ్యాహ్నమే నాగమణి మా మెట్లెక్కి వచ్చింది.

"కోటేశ్వరరావు గారి లెన్సుకేమన్నా చేశారా సార్? పసుపు ఏమన్నా తగ్గిందా?"

సూటిగా అడిగింది. కళ్ళతో చూడకుండానే జరిగింది పట్టేసింది.

"బ్లేడ్లు కడిగానంతేనమ్మా," అన్నాను. జాబ్ కార్డు కూడా చూపించాను.

ల్యాబు యజమాని ఆ ఛానెల్ వదిలేసి, కొత్త అంకెలతో మళ్ళీ వేయిస్తే ఫోటోలు శుభ్రంగా వచ్చాయి. దాంతో తప్పు ఛానెల్‌దేనని, అంటే నాగమణి దాన్ని ఎక్కడో చెడగొట్టిందని తేల్చారు. ఆమెను ప్రింటర్ మీదినుంచి తీసి కౌంటర్లో కవర్లు అందించే పనికి వేశారు. దసరా తర్వాత ఆ పని కూడా ఉండకపోవచ్చని అనుకునేవారు. ఇవన్నీ నా చెవిన పడుతూనే ఉన్నాయి. రేపు చెబుదాం అనుకుంటూ పదకొండు రోజులు గడిపాను. రేపు చెబితే నిన్నెందుకు చెప్పలేదనే ప్రశ్న కూడా వస్తుంది కాబట్టి, రోజు గడిచేకొద్దీ మరింత కష్టమైంది.

పన్నెండో రోజు మా ఇంటి ఫోటోలు తీసుకోవడానికి ల్యాబుకు వెళ్ళాను. కవరు ఇస్తూ నాగమణి మామూలుగా అంది.

"కంటి డాక్టరు దగ్గరికెళ్ళొచ్చానండీ. రంగులు బానే కనపడతన్నాయన్నాడు. మరి ఎక్కడ పొరపాటు చేశానో తెలవటం లేదు."

అక్కడి నుంచి నేరుగా యజమాని గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. నమ్మకం కుదరక, ఆయన హనుమాన్ జంక్షన్ నుంచి కోటేశ్వరరావు గారిని లెన్సుతో సహా పిలిపించాడు. సొరుగులోని లెన్సు తెచ్చి, రెండూ తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూపించాను. కోటేశ్వరరావు గారు కాసేపు మార్చి మార్చి చూశాడు.

"అయితే రెండేళ్ళు కామెర్లొచ్చిన లెన్సుతో నాచేత పెళ్ళిళ్ళు తీయించారన్నమాట! మందు డాబా మీదుంటే!" అని నా వైపు తిరిగాడు. "చేసింది బ్రహ్మాండమైన పనండీ. దాచటమెందుకు? దొంగసొత్తా?"

ఆయన నవ్వాడు. గుమ్మంలో నిలబడ్డ నాగమణి నవ్వలేదు.

"ఆ రోజు అడిగాను గదా సార్," అని మాత్రం అంది.

మర్నాడు ఆమెను మళ్ళీ ప్రింటర్ మీద కూర్చోబెట్టారు. ఛానెల్ చెరిపేసి, కొత్త అంకెలు రాసుకుంది. ఆ తర్వాత మా సెంటర్ నుంచి వెళ్ళిన ఏ కెమెరా రీలు వచ్చినా ముందు టెస్టు ప్రింటు వేసి చూసేది. నేను ఫోన్ చేసి ఏమీ మార్చలేదని చెప్పినా సరే, వేసేది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

సర్వీసులో ఉన్నంతకాలం మరెన్నో లెన్సులకు ఎండ పెట్టాను. పసుపు తీయడం కష్టమైన పని కాదు, ఓపిక ఉంటే చాలు. ఆ ఆషాఢంలో నేను నేర్చుకున్నది ఇది: బాగుచేసినదాన్ని కూడా చెప్పే ఇవ్వాలి. ఆ వస్తువు లోపాన్ని బట్టి పని సర్దుకున్నవాళ్ళు వేరేచోట ఉంటారు. మనం చెప్పకుండా లోపం తీసేస్తే, తప్పు వాళ్ళ మీద పడుతుంది.