వియ్యపురాలు కాలు పెట్టని దీవి

మా వియ్యపురాలు పోయారు. పోయిన గురువారం మధ్యాహ్నం, కెనడాలో మేముండే బర్నబీలో, వాన కురుస్తుండగా. వాన లేని రోజు చూసి పోవాలంటే ఈ ఊళ్ళో ముహూర్తం దొరకదు.

ఫోన్ చేసినవాళ్ళందరూ "పెద్దావిడ, హాయిగా వెళ్ళిపోయారు" అంటున్నారు. హాయిగా ఏమీ వెళ్ళలేదు. ఒక్క కోరిక తీరక వెళ్ళారు. అది తీరకపోవడానికి కారణం నేను. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. ముందు ఈ చెడ్డమాట రాసేస్తే తప్ప నా చేత మిగతావి రాయించలేరు.

ఆవిడ మా అమ్మాయికి అత్తగారు. అనంతపురం వైపు హైస్కూళ్ళలో ముప్ఫై ఏళ్ళ పైన సోషల్ టీచరు. నేను గుంటూరులో కెమిస్ట్రీ లెక్చరర్ని. మనవరాలిని పెంచే నెపంతో ఇద్దరం ఒకే ఇంట్లోకి చేరాం. ఆవిడా వాళ్ళాయనా బేస్‌మెంట్‌లో, నేను పై గదిలో. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇమిడాయి, కాస్త చప్పుడు చేశాయంతే.

ఆవిడకు ఒకటే పిచ్చి, ఐస్‌లాండ్. అగ్నిపర్వతం బొమ్మను రంగు సుద్దలతో బోర్డు మీద గీసి గీసి రిటైరైన మనిషి, ఒక్కదాని మీదా కాలు పెట్టలేదు. "మ్యాపు మీద వేలు పెడితే ఊరు రాదు వదినగారూ" అనేవారు. అంటూనే రోజూ నాలుగింటి టీ కాగానే డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా పచ్చడి సీసాలు పెట్టేవారు.

"ఈడ నేలలోంచి వేడినీళ్ళు తాడిచెట్టంత ఎగుస్తాయి. మన బాత్రూమ్ గీజర్‌కు పేరొచ్చింది ఈ ఊరి నుంచే."

"మన గీజర్ పేలితే ప్లంబర్‌ని పిలుస్తాం. వీళ్ళు టూరిస్టులను పిలుస్తారన్నమాట."

"వినండి. పిండి గిన్నెలో పెట్టి వేడినేలలో పాతేస్తారు. మర్నాడు తవ్వితే రొట్టె."

"మర్నాటిదాకా ఆగే మొగుళ్ళున్నారా అక్కడ?"

ఆవిడ నవ్వేవారు, కానీ పాఠం ఆపేవారు కాదు. నల్ల ఇసుక తీరం, కప్పు మీద గడ్డి పెంచుకునే ఇళ్ళు, దూడ తోలు మీద రాసిన పాత కథల పుస్తకాలు, అన్నీ అయ్యాక వేలు ఒక లోయ మీద ఆగేది. వెయ్యేళ్ళ కిందట అక్కడ జనమంతా కూడితే, ఒక మనిషి బండమీద నిలబడి దేశపు చట్టాన్ని కంఠస్థంగా అప్పజెప్పేవాడట. ఆ లోయలో నిలబడి తన ఏడో తరగతి అగ్నిపర్వతాల పాఠం ఒక్కసారి పైకి చెప్పాలి. అదీ ఆవిడ కోరిక.

వాళ్ళాయన "కెనడా చలి చాలక ఇంకో చలి వెతుక్కుంటూ పోవాలా?" అని ఏళ్ళ తరబడి దాటేశారు. ఏడాదిన్నర కిందట ఆయన పోయారు. నెల తిరిగాక ఆవిడ నా గదికొచ్చి మంచం అంచున కూర్చున్నారు. "ఇంక మీరూ నేనూ పోదాం వదినగారూ. ఇంకెవరిని అడగల్ల?"

సరే అనబోయాను. ఆవిడిచ్చిన టూరిస్టు పుస్తకం అప్పటికే చదివి ఉన్నాను. అక్కడి వేడినీళ్ళ కొలనులోకి దిగేముందు, ఆడవాళ్ళంతా ఉండే గదిలో, ఒంటిమీద నూలుపోగు లేకుండా సబ్బుతో స్నానం చేసి తీరాలట. అది చదివి నా పైప్రాణాలు పైనే పోయాయి. డెబ్భై ఏళ్ళ ఒళ్ళు, రెండు ఆపరేషన్ల మచ్చలు, వంగని మోకాళ్ళు. క్లాసులో మూఢనమ్మకాలను ఉతికి ఆరేసిన నోటితోనే అన్నాను: "ఏటిసూతకం కదండీ. ఏడాది తిరిగేదాకా మీరు కొండలూ లోయలూ తిరక్కూడదు."

ఆవిడ నా పక్కనున్న టూరిస్టు పుస్తకం చేతిలోకి తీసుకున్నారు. "ఆగుదాం లెండి. భూమికి ఏం తొందర?" అని లేచారు.

ఏడాది తిరిగింది. తిరిగేలోపే ఆవిడకు కడుపునొప్పి పట్టుకుంది. స్కాన్ తీసి, క్యాన్సర్ కాలేయం దాకా పాకిందన్నారు.

అప్పుడు పరిగెత్తాను. వీసాకు అపాయింట్‌మెంట్ రెండు నెలల దాకా లేదు. ఇన్సూరెన్స్ వాళ్ళు ఈ జబ్బుంటే ఇవ్వం పొమ్మన్నారు. ఫోన్లో నేను అరుస్తుంటే మనవరాలు నా చేతిలోంచి లాక్కుని, "అమ్మమ్మా, దే ఆర్ సేయింగ్ నో. ప్లీజ్ స్టాప్" అంది. దాని కళ్ళలోనూ నీళ్ళే. అల్లుడు "అత్తయ్యా, ఫ్లైట్‌లోనే ఏమైనా అయితే? అర్థం చేసుకోండి" అన్నాడు. "నీకు నేను అర్థమయ్యేదాకా మీ అమ్మ ఆగదు బాబూ" అన్నాను. ఆ మాట అనకూడదు. అన్నాను. హాస్పిటల్ కారిడార్‌లో నా మనవరాలికి అక్కలా కనిపించే డాక్టరమ్మకు ప్రయాణానికి ఒప్పుకోమని రెండు చేతులూ జోడించాను. ఆ పిల్ల నా చేతులు పట్టుకుని కిందికి దించింది, అంతే.

చివరి వారంలో ఒకరోజు ఎండ కాసింది. హాస్పిటల్ గదిలో మేమిద్దరమే. కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెట్టాను. "కళ్ళు మూసుకోండి వదినగారూ. విమానం దిగాం. గాలి కొడుతోంది, కొంగు బిగించుకోండి. అదిగో ఆ లోయ..."

"వద్దు." గొంతు నీరసంగా ఉన్నా టీచరు గొంతే. "నేను చూళ్ళేదు. చూసినట్టు చెయ్యొద్దండి."

నేను ఏడ్చాను. ఏడుస్తూనే చెప్పేశాను, ఏటిసూతకం కాదు, ఆ స్నానాల గదికి భయపడ్డానని.

"తెలుసు. ఆ పేజీ మడిచి పెట్టినారు మీరు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?"

"నాకూ ఆ పేజీ కాడ భయమైంది. మీరే వద్దంటే బాగుండునని ఉండింది." నవ్వబోయి దగ్గారు. నీళ్ళు తాగించాను. తేరుకుని, కిటికీలోకి గడ్డం ఎత్తారు. దూరంగా, అమెరికా బార్డర్ అవతల, తెల్లటి కొండ. "అదో, చూడండి. అదీ అగ్నిపర్వతమే. నిద్రపోతా ఉంది."

మా వంటింటి కిటికీలోంచి పదేళ్ళుగా చూస్తున్నాను దాన్ని. ఉత్త మంచుకొండ అనుకున్నాను. "ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెప్తే, ఇది చాల్లెండి, ఇంక అంత దూరం ఎందుకంటారని."

అనేదాన్నే.

నిన్న సాయంత్రం వాన వెలిసింది. గిన్నెలు కడుగుతూ తలెత్తితే కిటికీ నిండా అదే, మబ్బు తునక అయినా అడ్డం లేకుండా. కుళాయి కట్టేయడం మరిచిపోయాను. సింకు నిండి నీళ్ళు నా పాదాల మీదికి వచ్చాయి. అవతల కొండ మెల్లగా గులాబీరంగుకు తిరుగుతోంది.