పెద్దమ్మ మాటల్ని దిద్దేసిన యాప్

పోయిన నెలలో ఒక గురువారం మా కింది ఇంటి పెద్దమ్మ కన్నుమూసింది. నేను ఆఫీసుకు బయలుదేరి మెట్లు దిగుతుంటే ఆమె కూతురు గుమ్మంలో నిలబడి, "అమ్మ పోయిందప్పా" అంది.

బెంగళూరు బెళ్ళందూరులో ఆ ఇంటి మేడమీద తొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్నాను. వాళ్ళు ఎన్నో తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్ళు. మాట్లాడేది తెలుగు, చదువూ రాతా కన్నడం. రాజమండ్రి నుంచి వచ్చిన నాకు మొదట్లో పెద్దమ్మ మాట సగమే అర్థమయ్యేది.

సాయంత్రాలు ఆమె మెట్ల మీద పేపరు పరుచుకొని ఆకుకూర గిల్లుతూ కూర్చునేది. నేను గేటు తీయగానే తల ఎత్తకుండానే "తింటివా?" అని అడిగేది. లేదని చెబితే రాగి సంగటి పెట్టేది. "సంగటి గెలికేటప్పుడు మాట్లాడగూడదప్పా, గడ్డలు కడతాది" అని చెప్పేది. చెబుతూనే గెలికేది, గెలుకుతూ మాట్లాడుతూనే ఉండేది.

నాలుగేళ్ళ కిందట ఆమెకు మరుపు మొదలైంది. పొయ్యి ఆర్పడం మరిచేది. తర్వాత తను పుట్టిన ఊరి పేరు మరిచింది. అది మరిచిన రోజు నన్ను పిలిచి, "నువ్వు ఫోన్లో ఏందేందో రాసుకుంటుంటావు కదా. నా మాటలు గూడా స్వల్ప రాసిపెట్టు. నేను మర్సిపోతే నువ్వు చెప్దువు" అంది.

ఆ ఫోన్లో ఉన్నది కాలేజీ రోజుల నుంచి నేను వాడుతున్న నోట్సు యాప్. నా చదువు, ఉద్యోగం, కొనాల్సిన సరుకుల జాబితా, అన్నీ అందులోనే. ఇంట్లో బీరువాను నమ్మినట్టు దాన్ని నమ్మాను. ఆమె మాటల్నీ ఒక్క అక్షరం మార్చకుండా అందులోనే రాస్తూ వచ్చాను. మరుపు ఎక్కువైన రోజుల్లో పక్కన కూర్చొని చదివి వినిపించేవాణ్ణి.

"ఇంత బాగ ఎవురు చెప్పినారప్పా?"

"మీరే పెద్దమ్మా."

"అట్లనా. ఇంగోసారి సదువు."

చివరి ఐదు నెలలు ఆమెకు మాట పడిపోయింది. ఏం చదివినా కళ్ళు మూసుకునేది. నేనూ చదవడం మానేశాను.

పదకొండో రోజున బంధువులంతా కూర్చున్నప్పుడు కూతురు, "అమ్మ మాటలు సదువప్పా, అందరూ ఇంటారు" అంది. యాప్ తెరిచాను. ముందు తెరంతా రంగు కాగితాలు రాలాయి. 'మీ జ్ఞాపకాలకు కొత్త మెరుపు' అన్నారు ఆ యాప్ వాళ్ళు. దాన్ని పక్కకు నెట్టి, మొదటి నోటు పైకి చదివాను.

"రాగిముద్ద తయారుచేసే సమయంలో సంభాషణకు దూరంగా ఉండటం మంచిది."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కూతురు నవ్వలేదు. "ఇది మా అమ్మ చెప్పిండేది కాదు" అంది.

ఒక్కో నోటూ తీసి చూశాను. అన్నీ అట్లాగే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్య యాప్ తెరిచినప్పుడల్లా, నోట్సన్నీ ఒకేసారి చక్కదిద్దమంటారా అని ఒక పెట్టె అడ్డం పడేది. మూడుసార్లు మూసేశాను. నాలుగోసారి మీటింగులో ఉండి, అది పోతే చాలని 'సరే' నొక్కాను. పాత ప్రతుల కోసం కంపెనీకి రాస్తే, అవి ఒక్క నెలే ఉంటాయనీ, నా అనుభవం వాళ్ళకు ఎంతో విలువైనదనీ జవాబు వచ్చింది.

నాకు రోత పుట్టింది. చనిపోయిన మనిషి నోట్లో ఎవరో ఎంగిలి కుక్కినట్టు అనిపించింది. ఆ ఫోన్ ముట్టుకోవాలన్నా చెయ్యి జిగటగా తోచేది. మీరు కూడా ఇలాంటి 'సరే'లు ఎన్ని నొక్కి ఉంటారో నాకు తెలియదు. నా మటుకు నాకు, ఆ రోతలో సగం నా మీదే.

కూతురు హొసకోటెలో కన్నడ టీచరు. ఆదివారం ఒక గీతల నోటుపుస్తకంతో వచ్చి, "నువ్వు సదువు, నేను రాస్తా" అంది. యాప్‌లో ఉన్నది నేను చదివేవాణ్ణి. ఆమె కళ్ళు మూసుకొని విని, దాన్ని వాళ్ళమ్మ మాటల్లోకి తిప్పి, కన్నడ అక్షరాల్లో తెలుగు రాసుకునేది.

"చెరువు పరిస్థితి విచారకరంగా ఉంది," అని చదివాను.

"థూ," అంది. మళ్ళీ కళ్ళు మూసుకొని, "చెరువులో ఆ నురగ చూస్తే నాకు అన్నం దిగల్యా. అట్ల అనుంటాది అమ్మ."

అవును, అట్లాగే అంది. ఆ రోజు మురుగు నురగ తేలుతున్న చెరువు గట్టున నేనూ ఉన్నాను.

అలా నాలుగు ఆదివారాలు గడిచాయి. చివరి నోటు మిగిలింది. మాట పడిపోయే ముందు ఆమె నాతో రాయించిన ఆఖరి మాట అది. 'నేను క్షేమంగా ఉన్నాను. మీరు విశ్రాంతి తీసుకోండి' అని ఉంది.

కూతురు కళ్ళు తెరిచి నా వైపు చూసింది. "నీకేమన్నా గుర్తుండాదా?"

లేదు. ఆ మాట అన్నప్పుడు పెద్దమ్మ ఎదురుగానే ఉన్నాను, కానీ నా చూపు ఫోన్ మీద ఉంది. అసలు మాట ఏమిటో ఇద్దరికీ తెలియలేదు. కూతురు పుస్తకంలో రెండు గీతలు ఖాళీగా వదిలింది.

నేను యాప్ తీసేశాను. వెళ్ళొద్దని కన్నీళ్ళు కారుస్తున్న బొమ్మ ఒకటి చూపించింది. మళ్ళీ నొక్కాను. పోయింది.

తల ఎత్తి చూస్తే ఆమె పుస్తకం ఇంకా మూయలేదు. ఆ ఖాళీ గీతల మీద పెన్ను ఆనించి, పెదవులు కదుపుతూ, ఒక్కో మాటా పైకి వినపడకుండా అని చూసుకుంటోంది.