బావ ఎదుటి కుర్చీ

పోయిన ఆదివారం క్లబ్బులో బ్రిడ్జి ఆడి అట్టడుగున నిలిచి వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ వయసులో పేకాటకింత ఉడుకుమోత్తనమా అని నా ఈడువాళ్లు నవ్వుతారేమో గాని, కాస్త వినండి.

మా బావ, అంటే మా పెద్దక్క భర్త, నాకీ ఆట నేర్పింది నేను మొరప్పూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో. సాయంత్రం ధర్మపురిలో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా క్లబ్బుకు వెళ్లి ఆయన జోడీగా ఎదుట కూర్చునేవాణ్ణి. మేమిద్దరం తెలుగులో మాట్లాడుకుంటే సైగలనుకుని, అవతలి జోడీలు బల్ల దగ్గర మా చేత పట్టుబట్టి తమిళమే మాట్లాడించేవారు. మాకు సైగలెందుకు? ఆఠీన్లుంటే ఆఠీనని, డైమన్లుంటే డైమనని వేలంపాటలో ఉన్నదున్నట్టు పాడడమే మా పద్ధతి, అలాగే ఇన్నేళ్లూ గడిచిపోయాయి.

డూప్లికేట్ బ్రిడ్జిలో తిరకాసేమిటంటే, మనకొచ్చిన ముక్కలే తక్కిన బల్లలకూ వెళ్తాయి కనుక అదృష్టాన్ని తిట్టుకోవడానికి వీల్లేదు. పోయిన ఆదివారం నేను నోట్రంపు, అంటే తురుపు లేని ఆట, పాడితే బావ రెండు డైమన్లన్నాడు. ఆయన మాట మీద గురితో పాస్ అన్నాను. తీరా చూస్తే ఆయన చేతిలో ఉన్నవన్నీ ఆఠీన్లే! అవే ముక్కలతో తక్కినవాళ్లంతా నాలుగు ఆఠీన్లు పాడి హాయిగా గెలిచారు.

"ఆఠీన్లడిగితే పాస్ అనేసినావేమిరా?" అన్నాడు బావ. ఇప్పటి కొత్త పద్ధతిలో డైమనంటే ఆఠీనని నేను అర్థం చేసుకోవాలట. అది నాకెప్పుడు చెప్పినావని అడిగితే, "అవును గదా, అది వానితో అనుకొనింది" అన్నాడు.

వాడంటే మా పిన్ని కొడుకు, నాకు తమ్ముడు, బెంగళూరులో ఉద్యోగం విరమించి వచ్చి, ఫోనులో ఆట నేర్చినవాడు. నేను పాపిరెడ్డిపట్టిలో పెళ్లికి పోయిన ఒక్క వారం నా కుర్చీలో కూర్చున్నాడు, మొదటి స్థానం కొట్టేశాడు. ఆ ఒక్క పూటకే వాడి పాట బావ నాలుకకెక్కిందంటే నాకు ఒళ్లు మండదా?

అంతటితో పోయినా బాగుండేది. టీ కొట్టు దగ్గర బావ నా భుజం తట్టి, "పోనీలేరా, నీ తప్పేముంది" అని చక్కెర తక్కువ వేయించి టీ ఇప్పించాడు. ఆ రోజుల్లో ఒక్క ముక్క తప్పు వేస్తే క్లబ్బు నుంచి మా వీధి మలుపు దాకా నా దుమ్ము దులిపేవాడు, తలుపు తీసిన అక్కకు కూడా నా తెలివితక్కువతనం అప్పజెప్పి గాని చెప్పులు విడిచేవాడు కాదు.

నిన్న ఆ తమ్ముడే మార్కెట్టులో ఎదురై, గెలిచిన రోజు కూడా బావ తనను బస్టాండు దాకా తిడుతూనే వచ్చాడని వాపోయాడు. పెద్దాయన, సర్దుకోరా అని ఊరడించి, కూరగాయలు కొనడం కూడా మరిచి ఇంటికొచ్చేశాను. ఆట తీరు మారింది, పాటలకు అర్థాలు మారాయి, అవన్నీ ఎలాగో నేర్చుకుంటాను. బావ నాతో మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టాడు, దాన్ని మాత్రం తట్టుకోలేకపోతున్నాను.