నాలుగు గుంజల పందిరి

గురువు పోయారన్న కబురు నాకు ఒక దరఖాస్తుతో పాటు అందింది. ఆ సోమవారం ఆఫీసులో ఇంకా సగం కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కొత్తవలస వైపు నుంచి వచ్చే కోలాటం బృందం నాయకురాలు నా టేబుల్ ముందు నిలబడి, కవరులోంచి కాగితాలు తీసి వరసగా పెట్టింది. కార్యక్రమం పేరు రాయాల్సిన చోట "సంస్మరణ, తప్పెటగుళ్ళు" అని ఉంది. ఎవరి సంస్మరణ అని అడిగాను.

"మా గురువుదే మేడం. శుక్రవారం పొద్దుటే పోనారు. పెద్దకార్యం నాడు జట్టోళ్ళందరూ ఆయన పొలంలోనే ఆడతారట. మైకెడతాం గదా, పర్మిషన్ నేకుండా మైకెట్టకూడదని ఆయనే సెప్పీవోరు. అందికే ముందు మీ కాడికొచ్చినాను."

నేను ఏమీ అనకముందే ఆమె మళ్ళీ అంది: "ఫైరు కాయితం ఒక్కటీ నేదు మేడం. రేపు గుంజలు పాతుతారు. ఆళ్ళొచ్చి సూసి సంతకం ఎట్టగానే తెచ్చిస్తాను."

"అది అక్కర్లేదు" అన్నాను.

ఆమె కళ్ళు తడిశాయి. "ఆయన మీద గౌరవంతో వొదిలేస్తన్నారా మేడం? వొద్దండీ. ఆయన ఒప్పుకోరు."

ఆ కాగితం ఆయనకే కాదు, ఆమెకూ, ఆరుబయట ఆడే ఎవరికీ ఎప్పుడూ అక్కర్లేదని అప్పుడు కూడా నా నోటి నుంచి రాలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పనిచేసే ఆఫీసు విజయనగరానికి గంట దూరంలో ఉన్న ఒక చిన్న పట్టణంలో ఉంది. ఎవరైనా బహిరంగంగా ఆటో పాటో పెట్టుకోవాలంటే దరఖాస్తు మా దగ్గరికి వస్తుంది. పోలీసు వారి అభిప్రాయం, మైకు అనుమతి, స్థలం యజమాని ఒప్పుదల, ఇలా కొన్ని కాగితాలు జతపరచాలి. అన్నీ ఉన్నాయో లేవో చూసి ఫైలు పైకి పంపడం నా పని. అయిదేళ్ళ కిందట గురువు మొదటిసారి వచ్చినప్పుడు నేను ఆ సీటులోకి వచ్చి మూడు నెలలే అయింది.

చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చారు. ఇక్కడ విప్పక్కర్లేదన్నాను. "పని జరిగీ సోటు గదమ్మా" అన్నారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. నేను కాగితాలు తిరగేస్తున్నంత సేపూ ఆయన కుడిచేతి వేళ్ళు టేబుల్ అంచు మీద ఏదో దరువు వేస్తూనే ఉన్నాయి. ఒక్కసారి తప్ప ఆ వేళ్ళు ఊరికే ఉండగా నేను చూడలేదు. తప్పెటగుళ్ళంటే రొమ్మున తప్పెట కట్టుకుని, కాళ్ళకు గజ్జెలతో, పాడుతూ గుండ్రంగా తిరుగుతూ ఎగిరే ఆట. యాభై ఏళ్ళుగా ఆడుతున్నారట. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఆ ఆట నేర్చుకున్న ప్రతి ఒక్కరికీ ఆయనే గురువు. టౌను సంత మైదానంలో ఒక ఆదివారం సాయంత్రం ఆడుకోవడానికి అనుమతి కావాలన్నారు.

నాకు ముందు ఆ సీటులో ఉన్నాయన ఫైలు అట్ట లోపల ఒక జాబితా అంటించి వెళ్ళాడు. అందులో ఆరో అంశం అగ్నిమాపక శాఖ ధ్రువపత్రం. "ఫైర్ సర్టిఫికెట్ లేదు, తెచ్చుకోండి" అన్నాను.

"అమ్మా, మేం పందిరెయ్యం. తెర నేదు, కుర్సీలు నేవు. మట్టి మీద ఎగురుతాం. మట్టికి నిప్పంటుకుంటాదేటమ్మా?"

ఆయన ఎగతాళిగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగారు. కానీ పక్క సీట్లలో వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నా మీదే అనిపించింది. "రూలు నేను రాయలేదు. తెచ్చిన రోజు మాట్లాడదాం" అని కాగితాలు వెనక్కి తోసేశాను. పంచె కట్టుకున్న ముసలాయన అడిగిన ప్రశ్న కనక జవాబు వెతకాలనిపించలేదు. అదే ప్రశ్న ఏ ప్యాంటు వేసుకున్నాయనో అడిగి ఉంటే లేచి వెళ్ళి పై అధికారిని అడిగి ఉండేదాన్ని. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఫైరు ఆఫీసుకు రెండు బస్సులు మారాలి. మొదటిసారి వెళ్తే అధికారి క్యాంపులో ఉన్నాడు. రెండోసారి, పందిరే లేకపోతే మేము ఏం చూసి సంతకం పెట్టాలి, మీ ఆఫీసు నుంచే ఉత్తరం తెండి అన్నారట. అలాంటి ఉత్తరాలు మేము ఇవ్వం అని చెప్పాను. మూడోసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు వెంట వాళ్ళ బావ వచ్చాడు. గురువు భార్యకు స్వయానా అన్న. నిలువెత్తు మనిషి. ఆటలో ఒకరి మీద ఒకరు ఎక్కి గోపురంలా నిలబడతారే, అందులో అడుగున నిలబడే మనిషి ఆయన. మా ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చేసరికే ఆయాసంతో తలుపు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏటి బావా, మన ఆట మనం ఆడ్డానికి ఇన్ని సీటీలేటి?" అన్నాడు.

"ఊరుకో బావా. ఆ అమ్మ ఉజ్జోగం ఆ అమ్మ సేస్తన్నాది" అన్నారు గురువు.

బావ నా వైపు తిరిగాడు. "గుండె బాగోనేదమ్మా. డాకటరు ఇంక ఎగరొద్దన్నాడు. ఈ ఒక్క ఆటా ఆడీసి గజ్జెలు ఇప్పీసి కూకుంటాను. తొరగా సెయ్యమ్మా."

నేను తలెత్తలేదు. "సర్టిఫికెట్ తెస్తే ఇవాళే పంపుతాను" అన్నాను.

అప్పుడు గురువు ఒక పని చేశారు. చూడటానికి పందిరే కావాలంటున్నారు కదా అని, సంత మైదానంలో నాలుగు గుంజలు పాతి, పైన కొబ్బరాకు కప్పి, నలుగురు కూర్చునేంత పందిరి వేయించారు. ఫైరు వాళ్ళు వచ్చి చూశారు, సంతకం పెట్టారు. వాళ్ళు వెళ్ళగానే పందిరి పీకేశారు. ఎగిరే ఆటకు నెత్తిన పందిరి ఉంటే ఎలా?

మొదటి దరఖాస్తు పెట్టిన ఇరవై నాలుగో రోజున ఆయన ఆ కాగితం నా టేబుల్ మీద పెట్టారు. ఆ వేళ్ళు ఆ ఒక్కసారే కదలకుండా ఉన్నాయి, అది నాకు తరువాతే తట్టింది. ఆ రోజు ఆఫీసులో అందరం ఏదో కబుర్లలో ఉన్నాం.

"మొన్న మా బావ పోనాడమ్మా" అన్నారు. "కాయితం మాత్రం వొచ్చీసినాది."

అరగంటలో పై సంతకం చేయించి అనుమతి పత్రం చేతికిచ్చాను. అరగంట పని అది.

బావ పెద్దకార్యం అయ్యాక వచ్చిన ఆదివారం ఆట జరిగింది. రమ్మని ఇంటికి వచ్చి పిలిచారు, వెళ్ళాను. వలయంలో బావ నిలబడే చోటు ఖాళీగా వదిలేసి ఆడారు. ఆ రోజు గోపురం కట్టలేదు. చివర గురువు రొప్పుతూనే మైకు పుచ్చుకుని, "కాయితమంటే ఏటో తెలీని మొద్దుని. నాకు ఇదంతా నేర్పినది ఈ అమ్మ. ఈ అమ్మ నేకపోతే ఈ ఆట నేదు" అని నా వైపు చెయ్యి చూపించారు. జనం చప్పట్లు కొట్టారు. నేను లేచి నమస్కారం పెట్టాను. మీరు నమ్మండి, ఆ రోజు నాకు గర్వంగానే అనిపించింది.

తరువాత రెండు నెలలకు కొత్త సూపరింటెండెంటు వచ్చారు. పాత ఫైళ్ళు చూస్తూ నన్ను పిలిచి, "పందిరే లేని ఆటకు ఈ సర్టిఫికెట్ ఎందుకు తీసుకున్నారమ్మా?" అన్నారు. జాబితా చూపించాను. ఆయన దాన్ని గోటితో మెల్లగా ఊడదీసి వెనక్కి తిప్పారు. ఆరో అంశం పక్కన ఉన్న చుక్క గుర్తుకు వివరణ వెనక వైపు ఉంది: పందిరి గానీ, మూసి ఉన్న హాలు గానీ అయితేనే. ఆయన కోప్పడలేదు. "ఇక ముందు చూసుకోండి" అని ఫైలు మూసేశారు. మట్టికి నిప్పంటుకోదని మా జాబితాకు కూడా తెలుసు.

ఆ రోజు నుంచి నేను పందిరి లేని ఆటకు ఆ కాగితం ఎవరినీ అడగలేదు. నా తప్పు అంతటితో దిద్దుకున్నాననుకున్నాను. కానీ అప్పటికే గురువు ఊరూరా చెప్పడం మొదలుపెట్టారు. అనుమతుల కోసం ఎవరు తిరుగుతున్నా, బుర్రకథ వాళ్ళు కానీ, కోలాటం ఆడవాళ్ళు కానీ, సాలూరు నుంచి వచ్చే మ్యాజిక్ ఆయన కానీ, ఆయనే వెంట బయల్దేరేవారు. వయసు మీద పడ్డాక చదవడం నేర్చుకున్నారేమో, మా ఆఫీసు వరండాలో కూర్చుని ప్రతి దరఖాస్తూ అక్షరం అక్షరం పైకి చదివేవారు. సాక్షిగా సంతకం చేయడానికి ఒక నిమిషం పట్టేది. "ఆటోడికి కాళ్ళూ, కాయితాలూ రెండూ గట్టిగుండాల" అనేవారు. కొత్తగా ఆట నేర్చుకునే వాళ్ళతో అనే మాట ఇంకొకటి ఉండేది: "ఎగరడం ఎవుడైనా ఎగురుతాడు. దిగడం తెలాల."

అందరికీ ఆయన మొదట చెప్పేది పందిరి గురించి. "ముందు నాలుగు గుంజలు పాతండి. ఫైరు కాయితం నేకపోతే మా అమ్మ ఊరుకోదు." ఒకసారి కొబ్బరాకులు నిండిన ఆటో మా ఆఫీసు ముందు నుంచి వెళ్ళడం చూశాను. వెనక కోలాటం ఆడవాళ్ళు గుంజలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఆ గుంజలూ ఆకులూ అక్కర్లేదని ఆ రోడ్డు మీద తెలిసినదాన్ని నేనొక్కర్తినే.

చెప్పాలనుకోలేదా? అనుకున్నాను. ఒక మధ్యాహ్నం వరండాలోకి వెళ్ళి, "తాతా, ఆ ఫైరు కాగితం సంగతి..." అన్నాను. అప్పటికి తాతా అని పిలవడం అలవాటయింది. ఆయన కంగారుగా లేచి నిలబడ్డారు. "ఏటమ్మా, రూలు మారిపోనాదేటి? ఈళ్ళకి అలాగే సెప్పీసినానే!" చుట్టూ ఆరుగురు నన్నే చూస్తున్నారు. అక్కర్లేదని చెప్తే, ఎప్పటి నుంచి అక్కర్లేదని అడుగుతారు. మొదటి నుంచీ అంటే, ఆ ఇరవై నాలుగు రోజుల మాట వస్తుంది. "ఏం లేదు, తేదీ సరిగ్గా చూసుకోండి" అని లోపలికి వచ్చేశాను.

ఆయన వల్ల నేను నేర్చుకున్నది ఉంది. ఏ కాగితమైనా రెండు వైపులా చూస్తాను. ఎదుటి మనిషి ప్రశ్న అడిగితే లేచి వెళ్ళి కనుక్కుంటాను. నా దగ్గర ఇప్పుడు ఏ ఫైలూ రెండు రోజులు దాటి ఉండదు. మంచి ఉద్యోగి అని నాకు పేరు కూడా వచ్చింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఆయనకు తెలియకుండానే వెళ్ళిపోయారు.

పెద్దకార్యం నాడు వాళ్ళ ఊరు వెళ్ళాను. గురువు భార్య లోపలి గదిలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. పక్కనే కూర్చుని మొత్తం చెప్పాను. నవ్విన వాళ్ళ సంగతీ, కాగితం వెనక వైపున్న మాటా, వరండాలో నేను మింగేసిన మాటా, అన్నీ.  అంతా విన్నాక ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"ఆ గుంజలు మా అన్నే మోసినాడమ్మా" అంది. "కొట్టు కాడ నుంచి సంత కాడకి, ఒక్కడే. వొద్దంటే ఇన్నేదు. ఎల్లుండికి పోనాడు."

ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. గురువు కూడా.

"ఈ మాట ఆయనున్నప్పుడు సెప్పుంటే నవ్వీసీవోడు" అంది మళ్ళీ. "ఆయనకంతే. నాకు నవ్వు రాదమ్మా."

 ఆమె లేస్తూ నా భుజం మీద చెయ్యి ఆనించింది, లేవడానికి ఆసరా కోసం. "తినీసి ఎల్లు. ఈ పూట ఈ ఇంటికొచ్చినోళ్ళు వొట్టి కడుపుతో ఎల్లకూడదు."

తిన్నాను. తరువాత పొలంలోకి వెళ్ళి, గజ్జెలు కట్టుకుంటున్న జట్టు వాళ్ళకూ కోలాటం నాయకురాలికీ నిలబడి అదే మాట చెప్పాను. "అయితే మేడం, ఇన్నేళ్ళూ..." అని ఆమె ఆగిపోయింది.  జట్టులో పెద్దాయన ఒకాయన గజ్జెల తాడు ముడి బిగిస్తూ, "ఆఫీసు బయట పెద్ద అచ్చరాలతో రాసి ఎట్టు తల్లీ. ఇంకెవుడూ తిరక్కుండా" అన్నాడు. మర్నాడే రాసి పెట్టాను. ఇప్పటికీ మా గోడ మీద ఉంది.

ఆట మూడింటికి మొదలైంది. కోత కోసిన మడి, మోళ్ళు చెక్కేసి చదును చేశారు. పదహారు మంది. మొదట మెల్లగా, తరువాత ఒకే కాలిలా లేచి ఒకే కాలిలా దిగుతూ గంటన్నర ఆడారు. దుమ్ము మనుషుల నడుముల దాకా లేచింది. ఆట ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తప్పెటలు విప్పి గట్టు మీద పెట్టి, ఒక్కొక్కరే దూరంగా వెళ్ళి కూర్చున్నారు.

అప్పుడు ఇంటి వైపు నుంచి గురువు భార్య నీళ్ళ బిందె చంకన పెట్టుకుని వచ్చింది. ఎవరో వద్దన్నారు, ఎవరో బిందె అందుకోబోయారు. ఆమె ఇవ్వలేదు. పదహారు మంది తొక్కిన ఆ వలయం చుట్టూ ఒక్కతే మెల్లగా నడుస్తూ, చేత్తో నీళ్ళు తీసి చల్లుతూ పోయింది. ఆమె దాటిన చోటల్లా దుమ్ము కిందికి దిగిపోతోంది. ఎండ వాలి మడి అంతా పసుపు రంగులోకి తిరిగింది. నలిగిన మట్టి తడిసి నల్లబడుతోంది, ఆ తడి మీద ఆమె పాదాలు ఒకదాని వెనక ఒకటి పడుతూ వెళ్తున్నాయి.