పైడమ్మ కళ్ళంలో గాలి

2018లో తగరపువలస దాటాక, హైవే నుంచి లోపలికి వెళ్లే ఒక పల్లెలో కొత్త కరెంటు సబ్‌స్టేషన్ కట్టారు. దాని చుట్టూ మొక్కలు పెంచే పని నాకొచ్చింది. మాది విశాఖ వన్‌టౌన్. నాన్న క్రోటన్ కుండీలు అమ్మేవారు. నేను నర్సరీ పెట్టి, లాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టులు మొదలుపెట్టాను. మల్కాపురం వైపు క్వార్టర్స్‌లో లాన్లు, రోడ్ల మధ్య గన్నేర్లు, ఇలాంటివి చాలా చేశాను. అయినా నా పని గురించి ఎవరైనా అడిగితే ముందు గుర్తొచ్చేది ఈ సబ్‌స్టేషనే.

మా భాషలో దీన్ని స్క్రీన్ ప్లాంటింగ్ అంటారు, అంటే చూడ్డానికి బాగోనిదాన్ని చెట్లతో కప్పెయ్యడం. సబ్‌స్టేషన్ దగ్గర ఇది అంత సులువు కాదు. కరెంటు తీగకూ కొమ్మకూ మధ్య వదలాల్సిన జాగాను క్లియరెన్స్ అంటారు. అందులో ఒక్క ఆకు కనిపించినా ఇంజనీరుగారికి నిద్ర పట్టదు. అదృష్టం కొద్దీ ఊరివైపు గోడ మీదుగా లైన్లేమీ పోవు. అటు ఒక మట్టిరోడ్డు, రోడ్డుకు అవతల ఒకే ఇల్లు, ఇంటిముందు పేడతో అలికిన కళ్ళం. ఆ ఇల్లు పైడమ్మది. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, ఉన్న కాస్త పొలం చెక్కలో ఏటా నువ్వులు వేసేది.

మొదటిరోజే ఆవిడ నన్ను పట్టుకుంది.

“సాయిబ్బాబూ, పొద్దున్న లెగిసి తలుపు తీత్తే ఆ ఇనప దెయ్యాలే కనపడతన్నాయి. రాత్రి ఆ లైట్లకి కన్ను మూత పడదు. ఏటి సేత్తావో సెయ్యి, నాకది కనపడకూడదు.”

“మూడేళ్లు ఓపిక పట్టు పెద్దమ్మా. అక్కడ సబ్‌స్టేషనుందని నువ్వే మర్చిపోతావు,” అన్నాను.

మేం తుఫాన్లు తిన్న ఊరివాళ్లం. గాలి అంటే మాకు చెట్లు కూల్చేది, అంతే. అందుకే ఎప్పటిలాగే ఆ గోడ వెంబడి కానుగ రెండు వరసలు నాటించాను, ముందు వరస సందుల్లోకి వెనక వరస వచ్చేలా. స్టాగర్డ్ రో అంటాం దీన్ని, చెట్టుకు చెట్టు ఆసరా. కానుగ అయితే మేకలు ముట్టవు. కింద ఖాళీ లేకుండా పచ్చగన్నేరు గుబురు పెట్టించాను. సముద్రం వైపు నుంచి ఎంత గాలి కొట్టినా దూరే చోటుండకూడదని పనివాళ్లకు మరీమరీ చెప్పాను.

మొదటి వేసవిలో ట్యాంకర్ సరిగ్గా రాలేదు. పైడమ్మ తన బోరు నీళ్లు బిందెలతో మోసి పోసింది. “నా కోసవే కదేటి ఏసినావు, నాను పొయ్యకపోతే ఎవులు పోత్తారు?” అనేది.

కానుగ ఏపుగా పెరిగింది. మూడో ఏటికి గోడ లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు, అంతా పచ్చదనమే. కరెంటు ఆఫీసువాళ్లు ఫోటోలు తీసుకున్నారు. నేనైతే కొత్త పార్టీ దొరికితే చాలు, కారెక్కించి అక్కడికే తీసుకుపోయేవాణ్ణి.

అలా ఒక ఏప్రిల్ మధ్యాహ్నం ద్వారకా నగర్ బిల్డరొకాయన్ని తీసుకెళ్లాను. చెట్లు చూసి ఆయన మురిసిపోతున్నాడు. రోడ్డవతల కళ్ళంలో పైడమ్మ చేటనిండా నువ్వులు పట్టుకుని, చేతులు పైకెత్తి నిలబడి ఉంది. కిందికి పొయ్యడం లేదు.

“ఏటి పెద్దమ్మా, అలా నిల్చున్నావు?”

“గాలి కోసం బాబూ. రాదేటి?”

ఆ తర్వాత సంగతంతా మెల్లగా చెప్పింది. ఆ చుట్టుపక్కల అన్నిటికంటే మంచి గాలి ఆవిడ కళ్ళానిదే. మధ్యాహ్నం దాటగానే సముద్రం మీంచి నిలకడగా వీచేది. అందుకే పల్లె ఆడవాళ్లంతా నువ్వులూ, చోళ్ళూ అంటే రాగులూ, అక్కడికే తెచ్చి తూర్పారబట్టుకునేవారు. వంతు వచ్చేదాకా కబుర్లు, పరాచికాలు, పైడమ్మ పెట్టే టీ. పైడమ్మ కళ్ళం అంటే పల్లెలో ఒక పేరు. నా చెట్లు అడ్డొచ్చి గాలి ఆగిపోయాక వాళ్లంతా తూర్పారబట్టే మిషను కోసం హైవే పక్కకు పోతున్నారట.

నాకు తల కొట్టేసినట్టయింది. వెంటనే తగరపువలస పోయి పెద్ద స్టాండు ఫ్యాను కొనుక్కొచ్చి పెట్టాను. అది పొట్టుతోపాటు నువ్వుల్నీ ఎగరగొట్టి రోడ్డు మీద పోసింది. పైడమ్మ నవ్వేసింది.

“దీనికి గింజేదో పొట్టేదో తెల్దు బాబూ. అట్టుకెల్లి నువ్వే పడుకో దీని కింద.”

కొమ్మలు పలచన చేసి అక్కడక్కడా సందులు తెరిస్తే గాలి ఆడుతుంది. దీన్ని థిన్నింగ్ అంటాం. ఆఫీసులో అడిగితే కొత్తగా వచ్చిన ఇంజనీరు ఆశ్చర్యపోయాడు. “ఊరివాళ్లే కదండీ కనపడకూడదన్నారు? చీమ దూరే సందు లేకుండా పెంచామని మీరే కదా చెప్పుకుంటారు?” రెండూ నిజమే. పచ్చని చెట్టు మీద కత్తి పెట్టాలంటే పైనుంచి అనుమతి రావాలన్నారు. కాళ్లరిగేలా తిరిగాను. నాటేటప్పుడు అడిగే నాథుడు లేడు గానీ, కొమ్మ కొట్టాలనేసరికి అందరికీ చెట్ల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఈలోగా ఇంకో నువ్వుల కాలం దాటిపోయింది.

చివరికి అనుమతి వచ్చాక దగ్గరుండి కోయించాను. సాయంత్రానికి కొమ్మల సందుల్లోంచి చల్లగాలి రోడ్డు దాటి కళ్ళంలోకి వచ్చింది. కళ్ళం అలికి లేదు. గడ్డి మొలిచింది, మధ్యలో పెయ్యను కట్టేసి ఉంది. పైడమ్మ ఆ ఏడు నువ్వులు చల్లనే లేదు. ఒక్కదాని కోసం అలుకుడెందుకని వదిలేసిందట.

“గాలొచ్చింది కదా పెద్దమ్మా. వచ్చే ఏడు వేద్దువుగాని,” అన్నాను.

ఆవిడ చెట్లవైపు చూసింది.

“వచ్చింది బాబూ, నిజివే. మరి మనుసులేరీ?”

 

ఇప్పుడు ఏ స్థలానికి వెళ్లినా టేపు తీసేముందు ఎదురింటివాళ్లతో మాట్లాడతాను. దేన్ని కప్పాలో వాళ్లే చెప్తారు. అటునుంచి మీకేమొస్తుందని నేనే అడగాలి. ఎండా, గాలా, ఎవరైనా పిలిస్తే వినపడే కేకా. ఈ ప్రశ్నకు కొందరు నవ్వుతారు, నవ్వనీ.

అటువైపు పనిపడితే పైడమ్మ ఇంటి దగ్గర ఆగుతాను. ఆవిడ నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. “సెట్లు బావున్నాయి బాబూ,” అంటుంది, టీ ఇస్తుంది. అదే నాకు ఎక్కువ బాధ. మధ్యాహ్నం దాటగానే గాలి వస్తుంది. కళ్ళంలో మేమిద్దరమే ఉంటాం.