యూదుడు ఏడ్చాడన్న సాక్ష్యం

తొంభైల్లో దోహాలో మా కంపెనీకొచ్చిన అమెరికా ఇంజనీరు యూదుడని తెలిసి, భోజనాల దగ్గర బైబిల్లో యెషయా యాభై మూడో అధ్యాయం తెరిచాను. "బాధపడే ఈ సేవకుడు మా యేసే కదా, సార్?"

"మా లెక్కలో ఆ సేవకుడు ఇశ్రాయేలు జనం. ముందు అధ్యాయాల్లో ప్రవక్త పేరు పెట్టే చెప్పాడు, చదవలేదా?"

చదవలేదు.

"పైగా మీ యేసే లోకాన్ని కాపాడే మెస్సీయ అయితే, ఇక యుద్ధాలుండకూడదు. మొన్న కువైట్‌లో ఏమైంది? రేపు బాగా చదువుకొచ్చి నాతో పోట్లాడు," అన్నాడాయన సంబరంగా.

సెలవు రోజు శుక్రవారం మా తెలుగువాళ్ల ప్రార్థనకూటంలో మాత్రం ఆయన ఏడ్చి యేసును ఒప్పుకున్నాడని సాక్ష్యం చెప్పాను.

"హల్లెలూయా! వచ్చేవారం తీసుకురండి, బ్రదర్," అన్నారు పాస్టరుగారు.

బాప్తిస్మానికి అమెరికా వెళ్లిపోయాడన్నాను.

గోదావరి జిల్లాల సభల్లో ఈ సాక్ష్యం ఇంకా చెబుతున్నారట. దయచేసి ఆపండి. ఆయన ఏడవలేదు. పోట్లాడమన్న మర్నాడు ఆయనకు ఎదురుపడలేక, కడుపునొప్పని సెలవు పెట్టింది నేను.