వియ్యపురాళ్ళ నడక పందెం

మా అమ్మనీ మా అత్తగారినీ ఒకే పందెంలో నిలబెట్టింది నేనే. ఎవరూ అడక్కముందే చెప్పేస్తున్నాను, అందుకు నాకేమీ బాధ లేదు.

నందిగామలో మా కాలనీవాళ్ళు పెద్దవయసు ఆడవాళ్ళకి నడక పందెం పెట్టారు. అత్తగారు మాతోనే ఉంటారు. అమ్మ ఉండేది జగ్గయ్యపేటలో. బయటి ఊరివాళ్ళు కూడా రావచ్చని కనుక్కుని ఇద్దరి పేర్లూ ఇచ్చేశాను. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. చెబితే ఇద్దరికీ ఆ క్షణంలోనే మోకాళ్ళ నొప్పులు వచ్చేవి.

అమ్మ రోజూ తెల్లారేసరికి కాలేజీ గ్రౌండులో ఉండేదట. అత్తగారు మాత్రం నలుగురి కళ్ళ ముందు నడవడం నామోషీ అని డాబా ఎక్కేవారు. ఏం చేస్తున్నారత్తయ్యా అంటే, వడియాలు కాకులు ఎత్తుకుపోకుండా కాపలా కాస్తున్నా అనేవారు. అప్పటికి మా ఇంట్లో వడియాలే పెట్టలేదు.

పందెం రోజు అమ్మ బస్సు దిగి నేరుగా మా కాలనీ గ్రౌండుకే వచ్చింది. కాళ్ళకి కొత్త బూట్లు, చేతిలో స్వీటు డబ్బా. పరుగు పందేలకీ నడక పందేలకీ వచ్చేవాళ్ళు స్వీట్లు తెస్తారా? మా అమ్మ తెస్తుంది. నా పెళ్ళైన దగ్గర్నుంచీ నందిగామకి వట్టి చేతుల్తో వచ్చింది లేదు. వచ్చాక సోఫా అంచున కూర్చుంటుంది. అత్తగారు కూర్చునేదాకా అదీ లేదు. మా ఇంట్లో కాఫీలో పంచదార తక్కువ, అమ్మకేమో పాయసంలా ఉండాలి. అయినా ఆ చేదంతా మింగేసి, "చాలా బాగుందండీ వదినగారూ" అంటుంది. ఆడపిల్ల తల్లినని ఎప్పుడూ ఒక అడుగు వెనక్కే. మా అత్తగారేమన్నా గయ్యాళా అంటే, కాదు. ఆవిడ ఏనాడూ వెనక్కి ఉండమనలేదు. ఈవిడ ఏనాడూ ముందుకి రాలేదు. చూసి చూసి నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అమ్మ మా అత్తగారి ముందు నడవాలి. ఈ తంటా అంతా అందుకే.

గ్రౌండులో ఒకరినొకరు చూసుకుని ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను అమ్మ పైటకి పిన్నీసులు పెట్టడంలో మునిగిపోయాను. జారితే అడగమన్నంత గట్టిగా పెట్టాను.

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఒకాయన విజిల్ పట్టుకుని రూలు చెప్పారు. "ఒక కాలు ఎప్పుడూ నేల మీదే ఉండాలమ్మా. రెండు కాళ్ళూ లేచాయంటే అది పరుగు. పరిగెడితే తీసేస్తా."

మిగతావాళ్ళు సగంలోనే కబుర్లలో పడి వెనకబడ్డారు. చివరి మలుపు దగ్గర అమ్మ ముందుంది! నేను గొంతు చించుకుంటున్నాను. అంతలో అమ్మ పక్కకి ఓరగా చూసింది, వేగం తగ్గించింది, పైట సర్దుకుంది. అత్తగారు వచ్చి కలిశారు. ఇద్దరూ పేరంటానికి వెళ్తున్నట్టు పక్కపక్కనే గీత దాటారు.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే.

మాస్టారు తల గోక్కున్నారు. "ఇద్దరూ ఒకేసారి వచ్చారు. కప్పు పంచుకుంటారా, మళ్ళీ నడుస్తారా? పెద్ద పెద్ద పోటీల్లోనే మెడల్ పంచుకున్నవాళ్ళున్నారు, తప్పేం లేదు."

మా ఆయన ఎక్కడ లేని ఉత్సాహంతో ముందుకొచ్చాడు. "కప్పు ఆర్నెల్లు ఇక్కడుంటుంది, ఆర్నెల్లు జగ్గయ్యపేటలో ఉంటుంది. అయిపోయింది!" తల్లికీ అత్తకీ మధ్య ఇరుక్కున్న మగాడికి అంతకన్నా న్యాయం తోచదు.

"అదే బాగుంది. అసలు మీరే ఉంచుకోండి వదినగారూ," అంది అమ్మ.

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని నిటారుగా నిలబడ్డారు. "నాకొద్దు. మళ్ళీ నడుద్దాం."

"ఎందుకండీ, కలిసేగా వచ్చాం..."

"కలిసి రాలేదు. మీరు నాకోసం ఆగారు. నిండా పిన్నీసులున్న పైట, అదెలా జారుతుంది? నేను డాబా మీద కాళ్ళరిగేలా తిరిగింది మీరు దయతలిస్తే గెలవడానిక్కాదు. ఈసారి ఆడపిల్ల తల్లిలా నడిచారో, మీ ఇంటి గడప తొక్కను."

అమ్మ మొహం ఎర్రబడింది. వంగి బూట్ల తాళ్ళు విప్పి, మళ్ళీ బిగించి కట్టుకుంది.

రెండోసారి నడిచిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మోచేతులు ఆడిస్తూ, పెదాలు బిగించి, ఎవరన్నా అడ్డొస్తే తోసేసేలా ఉంది. అత్తగారూ తక్కువ తినలేదు, పక్కనే ఆయాసపడుతూ అంటిపెట్టుకుని వచ్చారు. గీత నాలుగడుగుల్లో ఉందనగా అమ్మ ఆగలేకపోయింది. పరిగెత్తేసింది! మాస్టారు విజిల్ ఊదేశారు.

"నేను పరిగెత్తలేదండీ!" అంది అమ్మ.

"పరిగెత్తారు, నేను చూశా!" అన్నారు అత్తగారు.

"మీరు నడక చూసుకోవాలి గానీ నా కాళ్ళెందుకు చూశారు?"

మా అమ్మే ఆ మాటన్నది. మా ఆయన నా వైపు చూశాడు. నేను ఆకాశం వైపు చూశాను.

కప్పు అత్తగారికే వచ్చింది. ఇంటికొచ్చి దాన్ని టీవీ పక్కన పెట్టారు, సోఫాలోంచి చూస్తే కళ్ళల్లో పొడుచుకునేలా. అమ్మ ఆ సోఫాలోనే కాళ్ళు చాపుకుని, వెనక్కి జారగిలబడి, దారంతా వాదించిందే ఇంకా వాదిస్తోంది. నేను కాఫీలు తెచ్చాను, ఎప్పటిలాగే పంచదార తక్కువేసి. అమ్మ ఒక గుక్క తాగి గ్లాసు దించింది.

"ఇదేం కాఫీ వదినా? పంచదారే లేదు."

ఆ మాట కోసం నేను నా పెళ్ళైన దగ్గర్నుంచీ ఎదురుచూస్తున్నానని అప్పుడు తెలిసింది.

"ఓడిపోయినవాళ్ళకి అంతే," అన్నారు అత్తగారు.

అమ్మ చటుక్కున లేచి, గ్లాసు పట్టుకుని వంటింట్లోకి నడిచింది. ఆ ఇంట్లో తను వంటింటి గడప దాటడం అదే మొదలు. నేను వెనకాలే లేవబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"పై అరలో ఎర్రమూత డబ్బా," అని లోపలికి కేకేశారు. "వేసుకుంటే వేసుకున్నారు గానీ, నాక్కూడా ఓ చెంచా పట్రండి."